వేరుశనగలో వేరు పురుగు: గుళికలు లేకుండా ఏం చేయవచ్చు?

తమ్ముడూ, మీరు అడిగింది ఇదీ. కదిరి దగ్గర ఎర్ర నేలలో చెనిక్కాయ వేస్తున్నారు. పోయిన ఖరీఫ్‌లో ఊడలు దిగే టైముకు చేలో అక్కడక్కడ గుంపులుగా మొక్కలు వాడిపోయాయి. పీకితే వేరు లేదు, మట్టి తవ్వితే తెల్లగా, లావుగా, వంకర తిరిగిన పురుగులు కనిపించాయి. మీ నాన్నగారు ఫోరేట్ అనే పురుగుమందు గుళికలు చల్లేవారు. ఇప్పుడు అవి దొరకవు, దొరికినా వేయడం మీకు ఇష్టం లేదు. వేప పిండి వేస్తే చాలా, జీవామృతం పారిస్తే పోతుందా, బూజు మందు (పురుగులకు బూజు పట్టించి చంపే పొడి) కొనాలా అని అడిగారు. కోతప్పుడు కొన్ని కాయల మీద గీకినట్టు ఉందని కూడా రాశారు.

సూటిగా చెప్తాను. గుళికల సంచి బదులు ఇంకో సంచి విప్పి చల్లితే అదే పని చేసే సహజమైన పొడి ఏదీ లేదు. ఫోరేట్ మట్టిలో ఉన్న ప్రాణినల్లా చంపేది, మొక్కలోకీ ఎక్కేది, చల్లే మనిషి చేతికీ ఊపిరికీ తగిలేది. అందుకే 2018 ఆగస్టులో ఇచ్చిన ఉత్తర్వుతో 2020 డిసెంబరు 31 నుంచి కేంద్రం దాన్ని నిషేధించింది. సహజ పద్ధతులు అలా పనిచేయవు. ఒక్కొక్కటి ఆ పురుగు జీవితంలో ఒక్కో దశను మాత్రమే దెబ్బ తీస్తుంది. పురుగు ఏ కార్తెలో ఎక్కడ ఉంటుందో తెలిసి చేస్తే ఫలితం వస్తుంది. మొక్క వాడిపోయాక మొదలుపెడితే ఏ కషాయం పోసినా డబ్బు దండగే. మీరు ఏప్రిల్‌లో అడిగారు కాబట్టి ఈ ఏడాదికి టైము ఉంది.

అన్నిటికంటే ముందు, మీ చేలో ఉన్నది వేరు పురుగేనా అని తేల్చుకోవాలి. మీరు చెప్పిన లక్షణాలు దానివే, కానీ వేరుశనగ గుంపులుగా చావడానికి వేరే కారణాలూ ఉన్నాయి. వాడిన మొక్కను పట్టి లాగినప్పుడు తేలిగ్గా ఊడి వచ్చి, తల్లి వేరు కొరికేసినట్టు తెగి ఉంటే వేరు పురుగు. మొదలు దగ్గర తెల్లటి బూజు దారాల్లా అల్లుకుని, ఆవగింజల్లాంటి గుండ్రటి గింజలు కనిపిస్తే అది కాండం కుళ్ళు తెగులు. మొలకెత్తిన కొద్ది రోజులకే మొదలు నల్లగా మసి పట్టినట్టు అయితే మొదలు కుళ్ళు. వేరు లోపల డొల్లగా తిని, ఆ డొల్లలో మట్టి నింపి ఉంటే చెదలు. తెగులుకు పురుగు వైద్యం చేసి, పని చేయలేదని సహజ పద్ధతులనే వదిలేసిన రైతులు చాలామంది నాకు తెలుసు. కాబట్టి ఈసారి ప్రతి గుంపులో నాలుగైదు మొక్కలు పీకి చూడండి.

ఇక ఆ పురుగు ఏడాది ఎలా గడుస్తుందో వినండి, మిగతా సలహా అంతా దీని మీదే నిలబడి ఉంది. కృత్తిక, రోహిణి, మృగశిర కార్తెల్లో మొదటి గట్టి వాన పడి నేల బాగా తడిసిన సాయంత్రం, మట్టిలో నిద్రపోతున్న గోధుమ రంగు పెంకు పురుగులు బయటికి వస్తాయి. చీకటి పడుతుండగా ఎగిరి దగ్గరలోని వేప, రేగు, మునగ, తుమ్మ చెట్ల మీద వాలతాయి. అక్కడే జత కడతాయి, రాత్రంతా ఆకు తింటాయి, తెల్లవారేలోపు మళ్ళీ మట్టిలోకి దిగిపోతాయి. ఆడ పురుగు తడి నేలలో ఒక్కొక్కటిగా గుడ్లు పెడుతుంది. ఒకటి ఒకటిన్నర వారంలో అవి పొదుగుతాయి. ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో పిల్ల పురుగులు చాలా చిన్నవి. మట్టిలోని కుళ్ళిన చెత్త, సన్నని పీచు వేర్లు తింటాయి, పైకి ఏమీ తెలియదు. ఆశ్లేష, మఖ, పుబ్బ వచ్చేసరికి బాగా లావెక్కి తల్లి వేరునే కొరుకుతాయి. మీరు చూసింది ఈ దశను. పంట కోతల తర్వాత లోతుకు దిగి కోశస్థ దశకు (ప్యూపాగా) వెళ్తాయి. చలికాలంలోనే పెంకు పురుగులుగా మారిపోయి, బయటికి రాకుండా మళ్ళీ ఏడాది వాన కోసం మట్టిలోనే కూర్చుంటాయి.

అంటే ఏడాదికి ఒక్క తరమే. ఇదే మనకు దొరికిన పెద్ద అవకాశం. పచ్చ పురుగు, పొగాకు లద్దె పురుగు లాంటివి సీజన్‌లో మళ్ళీ మళ్ళీ తరాలు పెంచుకుంటాయి, వాటిని ఒకసారి తగ్గించినా మళ్ళీ వస్తాయి. వేరు పురుగు తల్లి ఒక్కటి గుడ్లు పెట్టకముందే చేతికి దొరికిందంటే, ఆ ఏడాది దాని సంతానం మీ చేలో ఉండదు.

అందుకే నా లెక్కలో మొదటి పని, అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చే పని, పెంకు పురుగులను ఏరడం. ఇది వినడానికి చాలా చిన్న పనిలా ఉంటుంది. ఖర్చు లేదు కాబట్టి ఎవరూ అమ్మరు, అమ్మరు కాబట్టి ఎవరూ చెప్పరు. మేలో మీ పొలం చుట్టూ ఉన్న చెట్లను గుర్తు పెట్టుకోండి. చేల మధ్యలో చెదురుగా ఉన్న వేప, రేగు చెట్ల కొమ్మలు వానలకు ముందే నరికేస్తే, పురుగులు మిగిలిన కొన్ని చెట్ల మీదికే చేరతాయి. వాటిని ఎర చెట్లు అనుకోండి. మొదటి గట్టి వాన పడిన రోజు రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఆ చెట్ల కింద టార్పాలిన్ పరిచి, పొడవాటి కర్రకు కొక్కెం కట్టి కొమ్మలు గట్టిగా ఊపండి. జత కట్టిన పురుగులు పొలోమని రాలతాయి. వాటిని ఏరి, కొంచెం కిరోసిన్ కలిపిన నీళ్ళ బకెట్‌లో వేయండి. నాటుకోళ్లు ఉంటే కిరోసిన్ లేకుండా పొడి డబ్బాలో ఏరి పొద్దున కోళ్ళకు వేయొచ్చు. వాన పడిన రోజు మొదలుకుని మూడు నాలుగు రాత్రులు చేయాలి. తర్వాత ఇంకో గట్టి వాన పడితే మళ్ళీ చేయాలి, ఎందుకంటే అన్నీ ఒకే వానకు లేవవు.

ఇక్కడ ఒక మాట. ఆ పురుగులు ఇష్టంగా తినేది వేపాకు. దక్షిణాదిలో వేరుశనగను తినే వేరు పురుగుల తల్లులకు వేప చెట్టు విందు భోజనం. వేప అంటే చాలు పురుగు పారిపోతుందని నమ్మేవాళ్ళు ఒక జూన్ రాత్రి టార్చిలైటు పట్టుకుని వేప చెట్టు కింద నిలబడి చూడాలి. వేప గింజలో ఉన్న గుణం వేరు, ఆకులో ఉన్నది వేరు, మట్టిలోకి వెళ్ళాక జరిగేది ఇంకా వేరు. వేప పిండి సంగతి కింద చెప్తాను.

దీపపు ఎరలు కూడా పనికొస్తాయి, కానీ చాలామంది తప్పు చోట పెడతారు. దీపం చూసి వచ్చిన పురుగులన్నీ తొట్టిలో పడవు. కొన్ని చుట్టుపక్కల నేల మీద వాలి అక్కడే మట్టిలోకి దూరతాయి. కాబట్టి దీపాన్ని చేను మధ్యలో పెడితే పక్క చేల పురుగులను మీరే పిలిచినట్టు అవుతుంది. ఎర చెట్ల దగ్గర, గట్ల మీద, బీడు నేలలో పెట్టండి. రాత్రి పది దాటాక ఆపేయండి. తొట్టిలో పడ్డవాటిలో నల్లటి పేడ పురుగులు ఉంటే వదిలేయండి, అవి పేడను మట్టిలో కలిపి మనకు మేలు చేసేవి. వేరు పురుగు తల్లి గోధుమ రంగులో, మెరుపు తక్కువగా, బొటనవేలి గోరంత పొడవుంటుంది.

ఇంకో సాధనం ఉంది, తక్కువమందికి తెలుసు. ఆడ పురుగు మగవాటిని పిలవడానికి వదిలే వాసన అనిసోల్ అనే పదార్థం. ఉత్తరాదిలో ఉన్న హోలోట్రైకియా కాన్‌సాంగ్వినియా అనే వేరు పురుగు జాతిలోనూ, మన దక్షిణాదిలో వేరుశనగను తినే హోలోట్రైకియా రేనాడిలోనూ ఇదే వాసన అని పరిశోధకులు తేల్చారు. ఆ ద్రావణంలో తడిపిన స్పాంజి ముక్కలను ఎర చెట్టుకు వేలాడదీస్తే పురుగులు ఆ చెట్టుకే ఎక్కువగా వస్తాయి. అప్పుడు ఊపి ఏరడం సులువు. ఊళ్ళో షాపుల్లో దొరకడం కష్టం. కదిరి వ్యవసాయ పరిశోధనా స్థానంలో గానీ, మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ మే నెలలోనే అడిగి పెట్టుకోండి.

ఇదంతా ఒక్కరు చేస్తే సగమే ఫలితం. పెంకు పురుగుకు గట్టు హద్దు కాదు. తెలంగాణలో ఆముదం రైతులు ఎర్ర గొంగళి పురుగును ఎలా అదుపు చేశారో మీరు వినే ఉంటారు. అదీ ఇలాగే మట్టిలో కోశస్థ దశలో ఉండి మొదటి వానలకు రెక్కల పురుగుగా లేస్తుంది. ఊరంతా ఒకే రాత్రుల్లో పొలాల గట్ల మీద మంటలు వేసి, అవి గుడ్లు పెట్టకముందే చంపారు. పురుగుమందులు లేని సాగు ఉద్యమం అక్కడ అలాంటి పనుల మీదే నిలబడింది. మీ ఊళ్ళో కనీసం మీ చేను చుట్టూ ఉన్న పది పదిహేను మంది రైతులను కూర్చోబెట్టి మాట్లాడండి. వాన పడిన రోజు వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ పెడితే అందరూ టార్చిలైట్లతో బయలుదేరాలి. ఇందులో మొహమాటపడొద్దు. పక్క చేను బాగుంటేనే మీ చేను బాగుంటుంది.

వేసవి దుక్కి గురించి అందరూ చెప్తారు, నేనూ చేయమనే చెప్తాను. కానీ దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. ఏప్రిల్, మేలో పురుగు చాలా లోతులో ఉంటుంది, నాగలి అందుకునేది కొన్నిటినే. నిజంగా దెబ్బ తగిలేది చెనిక్కాయ కోసిన వెంటనే, చిత్త, స్వాతి కార్తెల్లో నేలలో ఇంకా పదును ఉండగా దున్నినప్పుడు. అప్పుడు లావు పురుగులు, కోశస్థ దశలో ఉన్నవి పైపొరల్లోనే ఉంటాయి. పొద్దున్నే దున్నండి. కొంగలు, కాకులు, గోరింకలు నాగలి వెనకే నడుస్తాయి. మిట్ట మధ్యాహ్నం దున్నితే పిట్టలు రావు. మన వాళ్ళు కోత తర్వాత చేను అలాగే వదిలేసి మళ్ళీ వేసవిలోనే మడక కడతారు. ఈ ఒక్క అలవాటు మారిస్తే చాలా తేడా వస్తుంది.

పశువుల ఎరువు విషయం. బాగా మాగిన ఎరువే వేయండి, పచ్చి పేడ, సగం కుళ్ళిన చెత్త వద్దు. కుళ్ళుతున్న చెత్త దండిగా ఉన్న తేమ నేల పిల్ల పురుగులకు మొదటి తిండి, చెదలకూ పిలుపు. అయితే పెంటదిబ్బ తవ్వినప్పుడు కనిపించే లావు తెల్ల పురుగులన్నీ వేరు పురుగులు కావు. ఇక్కడ చాలామంది కంగారుపడి దిబ్బ మీద కూడా మందు కొడతారు. వాటిలో కొన్ని కొబ్బరికి వచ్చే కొమ్ము పురుగు పిల్లలు, కొన్ని పూల మీద వాలే పెంకు పురుగుల పిల్లలు. ఇవి మాగిన చెత్త తింటాయి, వేర్ల జోలికి పోవు. ఒక దాన్ని తీసి చదునైన నేల మీద పెట్టి చూడండి. వెల్లకిలా పడుకుని వీపు మీద పాకుతూ పోతే అది పూల పురుగు పిల్ల, దాన్ని వదిలేయొచ్చు. కొబ్బరి తోటలు దగ్గరుంటే కొమ్ము పురుగు పిల్లలను మాత్రం ఏరి కోళ్ళకు వేయండి.

ఇప్పుడు బూజు మందు. మీరు విన్నది మెటారైజియం అనిసోప్లియే గురించి. ఇది మట్టిలో సహజంగా ఉండే శిలీంద్రమే. 1879లో ఒడెస్సా ప్రాంతంలో గోధుమను తినే పెంకు పురుగు మీద మెచ్నికోవ్ అనే శాస్త్రవేత్త దీన్ని గమనించి, పెంచి, పురుగుల మీద వాడవచ్చని చూపించాడు. ఆ పెంకు పురుగు పేరే దీనికి వచ్చింది. ఇది కడుపులోకి వెళ్ళి చంపే విషం కాదు. దీని విత్తులు (స్పోర్లు) పురుగు చర్మానికి అంటుకుని, మొలకెత్తి, చర్మాన్ని తొలుచుకుని లోపలికి వెళ్ళి, శరీరమంతా పెరుగుతాయి. పురుగు తిండి మానేసి, ఒకటి నుంచి మూడు వారాల్లో చచ్చిపోతుంది. గట్టిగా బిగుసుకుపోయి, పైన మొదట తెల్లగా, తర్వాత ఆకుపచ్చగా బూజు కడుతుంది. అలా చచ్చిన ఒక్కో పురుగు నుంచీ మళ్ళీ లక్షల విత్తులు మట్టిలో కలుస్తాయి.

ఇది పని చేయాలంటే మూడు విషయాలు కుదరాలి: పిల్ల పురుగులు ఉన్న కాలం, నేలలో తడి, ఎండ తగలకపోవడం. మన ప్రాంతంలో జూలైలో విత్తుతారు కాబట్టి కాలం సరిగ్గా కలిసొస్తుంది, పిల్లలు అప్పుడే పొదిగి ఉంటాయి. ఎకరాకు రెండు కిలోల పొడిని వంద కిలోల బాగా మాగిన, చివికిన పశువుల ఎరువులో కలపండి. చెట్టు నీడలో కుప్ప పోసి, పిడికిట పడితే ముద్ద కట్టేంత తడి ఉంచండి. పైన తడి గోనె పట్టాలు కప్పి, మూడు నాలుగు రోజులకోసారి తిరగేయండి. పది పదిహేను రోజుల్లో ఎరువంతా ఆ బూజు అల్లుకుంటుంది. విత్తే ముందు చివరి దుక్కిలో సాయంత్రం పూట చల్లి, వెంటనే గుంటకతో మట్టిలో కలిపేయండి. పొద్దున పదింటికి చల్లి ఎండలో వదిలేస్తే విత్తులు చస్తాయి. నేల ఎండి ఉంటే చల్లొద్దు, వాన పడేదాకా ఆ కుప్పను నీడలోనే తడుపుతూ ఉంచండి. మీకు స్ప్రింక్లర్లు ఉన్నాయి అన్నారు, అది పెద్ద మేలు. చల్లాక పది రోజులు వాన లేకపోతే ఒక తడి ఇవ్వండి. పూర్తిగా వర్షం మీదే ఆధారపడి, విత్తాక నెల రోజులు చినుకు లేని ఏడాదిలో ఈ బూజు సరిగా పని చేయదు. ఈ మాట షాపువాళ్ళు చెప్పరు, మీరు ముందే తెలుసుకోవాలి.

పొడి కొనేటప్పుడు ప్యాకెట్ మీద గ్రాముకు కనీసం పది కోట్ల విత్తులు అని (1×10⁸ అని ఉంటుంది), తయారీ తేదీ, గడువు తేదీ, రిజిస్ట్రేషన్ నంబరు చూడండి. ఎండలో అట్టపెట్టెలో పెట్టి అమ్మే షాపులో కొనొద్దు. మీకు అనుమానం ఉంటే ఇంట్లోనే పరీక్ష చేసుకోవచ్చు. నాలుగైదు వేరు పురుగులను పట్టి, ఒక్కో కప్పులో ఒక్కో పురుగును వేయండి, కలిపి వేస్తే ఒకదాన్నొకటి కొరుకుతాయి. కప్పులో ఈ పొడి కలిపిన తడి మట్టి, తినడానికి క్యారెట్ ముక్క వేసి నీడలో పెట్టండి. ఇంకో రెండు కప్పుల్లో పొడి లేని మట్టి వేయండి. రెండు మూడు వారాల్లో మొదటి కప్పుల్లో పురుగులు పచ్చటి బూజు పట్టి చస్తే పొడి మంచిది. చాలా కంపెనీల ప్యాకెట్లు చూడటానికి ఒకేలా ఉంటాయి, లోపల ప్రాణం ఉందో లేదో ఈ పరీక్షే చెప్తుంది.

మెటారైజియం వేసే చేనులో విత్తనానికి శిలీంద్ర నాశిని పట్టిస్తే ఆ విత్తనం చుట్టూ ఈ బూజు కొంత దెబ్బ తింటుంది. దాని బదులు కిలో విత్తనానికి పది గ్రాముల ట్రైకోడెర్మా (మేలు చేసే ఇంకో శిలీంద్రం) పట్టించండి. అది వేరు పురుగును ఏమీ చేయదు, కానీ మొదలు కుళ్ళు, కాండం కుళ్ళు నుంచి కాపాడుతుంది. నత్రజని అందించే రైజోబియం పట్టించేట్టయితే అన్నిటికంటే చివర్లో పట్టించండి.

పురుగులను చంపే నులిపురుగులు కూడా ఉన్నాయి. హెటిరోరాబ్డిటిస్ ఇండికా అనే జాతిని మొదట మన పక్క రాష్ట్రం తమిళనాడులోని కోయంబత్తూరులోనే గుర్తించి, 1992లో పేరు పెట్టారు. బెంగళూరులో ఉన్న జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ దీన్ని పొడి రూపంలో తయారు చేసే పద్ధతి అభివృద్ధి చేసింది. కంటికి కనపడని ఈ నులిపురుగులు మట్టిలో వెతుక్కుంటూ వెళ్ళి వేరు పురుగులోకి దూరతాయి. వాటి కడుపులో ఉండే బ్యాక్టీరియా రెండు మూడు రోజుల్లోనే పురుగును చంపేస్తుంది. అలా చచ్చిన పురుగు ఇటుక రంగులోకి మారుతుంది. తడి నేలలో, సాయంత్రం, ప్యాకెట్ మీద రాసిన మోతాదులో వేయాలి. చెరకు, వక్క, కూరగాయల్లాంటి నీటి వసతి ఉన్న పంటల్లో ఇది చాలా బాగుంటుంది. మెట్ట చెనిక్కాయలో స్ప్రింక్లర్ ఉన్న ముక్కకే పెట్టుకోండి.

వేప పిండి. ఎకరాకు రెండు వందల కిలోలు చివరి దుక్కిలో వేయమని చెప్తారు, మీకు కొనే శక్తి ఉంటే వేయండి. పిల్ల పురుగుల తిండిని కొంత తగ్గిస్తుంది, వేరు బుడిపెలు చేసే నులిపురుగులను అణుస్తుంది, నత్రజనిని నెమ్మదిగా అందిస్తుంది. కానీ ఆగస్టులో బొటనవేలంత లావైన పురుగు ఉన్న చోట వేప పిండి చల్లి ఎదురుచూస్తే ఏమీ జరగదు. నూనె పూర్తిగా పిండేసిన పాత పిండిలో గుణం ఇంకా తక్కువ. వాసన గట్టిగా, రుచి చేదుగా ఉన్న తాజా పిండి చూసుకోండి. కానుగ పిండి కూడా ఇలాగే వాడొచ్చు. ఆముదం పిండి అయితే మట్టిలో పూర్తిగా కప్పేయాలి, దాని వాసనకు కొమ్ము పురుగులు వస్తాయి.

జీవామృతం గురించి అడిగారు కాబట్టి నా అభిప్రాయం దాచను. జీవామృతం, ఘనజీవామృతం నేలలో జీవాన్ని పెంచడానికి. అవి వేయండి, మంచివే. కానీ అది పురుగు మందు కాదు, వేరు పురుగును చంపదు. నీమాస్త్రం, అగ్నిఅస్త్రం లాంటి కషాయాలు ఆకు మీద ఉన్న పురుగుకు ఉద్దేశించినవి. అవి మట్టిలో అరడుగు లోతుకు దిగవు, దిగినా మట్టి రేణువులు పట్టేసుకుంటాయి. సహజ సాగు మీద గౌరవం ఉన్నవాళ్ళే ఈ తేడా స్పష్టంగా చెప్పాలి. లేకపోతే పంట పోయిన రైతు మొత్తం పద్ధతినే తప్పుపడతాడు. పొగాకు కషాయం మాత్రం వద్దు. సహజం అన్న మాటకు విషం కాదని అర్థం లేదు. నికోటిన్ చర్మం గుండా కూడా మనిషికి ఎక్కుతుంది. ఉప్పు, ఫినాయిల్, కిరోసిన్, బట్టల పౌడర్ నీళ్ళు మొదళ్ళలో పోయమని చెప్పే వీడియోలు వస్తున్నాయి. వాటితో చచ్చేది నేలే.

కాయల మీద గీకినట్టు ఉందన్నారు కదా, అది చాలావరకు చెదల పని. చివర్లో వాన లేక నేల ఎండినప్పుడు ఇవి కాయ పై పెంకు గీకి తింటాయి. బరువు కొంచెమే తగ్గుతుంది, అసలు నష్టం వేరే ఉంది. పెంకు పలచబడితే లోపలికి ఆస్పర్‌జిల్లస్ బూజు చేరి అఫ్లటాక్సిన్ అనే విషం పడుతుంది. అలాంటి కాయలు తినడానికీ, పశువులకు పిండిగా వేయడానికీ పనికిరావు. చెదలకు ఎండిన పుల్ల, ఎండిన మొక్క కావాలి. చేలో మొక్కజొన్న, కంది మోళ్ళు మిగలకుండా ఏరి కంపోస్టులో వేయండి. చివరి నెలలో వీలైతే ఒక తడి ఇవ్వండి. కాయ ముదిరాక ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకుండా పీకండి, పీకిన కట్టెను చెదలున్న చోట కుప్ప పెట్టొద్దు. గట్టు మీద పుట్ట ఉంటే తవ్వి రాణిని తీసేయడమే అసలు పరిష్కారం. మొక్కజొన్న బెండ్లు కుక్కిన పాత కుండలను మూతి కింది వైపు ఉండేట్టు అక్కడక్కడ పాతిపెట్టి, రెండు వారాలకు తీసి చెదలతో సహా కోళ్ళకు వేసే పద్ధతి కూడా ఉంది, కూరగాయల మళ్ళలో అది బాగా కుదురుతుంది. జిల్లేడు ఆకు కాలువలో వేస్తే కొన్నాళ్ళు పక్కకు తప్పుకుంటాయి కానీ పుట్ట అలాగే ఉంటుంది.

ఇంత చేసినా ఆగస్టులో మొక్కలు పడితే ఏం చేయాలి? ముందు లెక్క చూడండి. చేలో అక్కడక్కడ అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు గుంతలు పదకొండు తవ్వితే దాదాపు ఒక చదరపు మీటరు నేల చూసినట్టు. అన్నిటిలో కలిపి ఒకటి కంటే ఎక్కువ పురుగులు ఉంటే నష్టం చేసే స్థాయి దాటింది. మొక్కలు పడ్డ ప్రతి గుంపు చుట్టూ పచ్చగా ఉన్న మొక్కల కింద వెతకండి. చచ్చిన మొక్క కింద పురుగు ఉండదు, పక్క మొక్కకు పోయి ఉంటుంది. చేత్తో ఏరడం ఆ దశలో నిజంగా పనిచేసే పద్ధతి, ఎందుకంటే గుంపులు ఎక్కడున్నాయో కనిపిస్తున్నాయి. స్ప్రింక్లర్ తడి ఇచ్చిన మర్నాడు ఏరితే పురుగులు పైకి వచ్చి ఉంటాయి. చేనంతా పడిపోయే స్థాయిలో ఉంటే, వచ్చే ఏడు ఆ ముక్క వరకు వ్యవసాయాధికారి సూచించిన విత్తన శుద్ధి మందు వాడినా నేను తప్పుపట్టను. విత్తనానికి పట్టించే కొద్ది మిల్లీలీటర్లకూ, ఎకరమంతా చల్లే గుళికలకూ చాలా తేడా ఉంది. అప్పులో ఉన్న రైతును సిద్ధాంతం పేరుతో పంట పోగొట్టుకోమని చెప్పడం న్యాయం కాదు. అయితే ఆ ముక్కలో ఆ ఏడు కూడా పెంకు పురుగులు ఏరడం ఆపొద్దు.

మరో రెండు జాగ్రత్తలు. పాత స్టాకు గుళికలు ఎవరైనా చాటుగా అమ్మితే కొనొద్దు. ఫోరేట్ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యంత ప్రమాదకరమైన తరగతిలో పెట్టిన మందు. చేతికి తొడుగు లేకుండా చల్లిన మనుషులకు, ఆ చేలో తిన్న పిట్టలకు, గొర్రెలకు ప్రాణాపాయం. రెండోది, లేబుల్ మీద ఏముందో రాయకుండా బయో అని అమ్మే సీసాలు. మట్టిలో పోసిన మర్నాటికే పురుగులు చచ్చాయని గొప్పగా చెప్తే అనుమానించండి. బూజుకు వారాలు పడుతుంది, నులిపురుగుకు కూడా రెండు మూడు రోజులు కావాలి. ఒక్క రాత్రిలో చంపేది ఏదో రసాయనం, దాని పేరు మీకు చెప్పడం లేదు, అంతే.

మీ నేలకు, మీ డబ్బుకు తగ్గట్టు వరస చెప్పమంటే ఇలా చెప్తాను. మేలో కొమ్మలు నరకడం, ఎర చెట్లు గుర్తించడం, పక్క రైతులతో మాట్లాడడం. జూన్ ఆఖరులో బూజు కుప్ప నీడలో సిద్ధం చేయడం. వానలకు రాత్రిళ్ళు పురుగులు ఏరడం. జూలైలో తడి నేలలో కుప్ప చల్లి విత్తడం. అక్టోబరులో కోత అయిన వారంలోపే దుక్కి. వేప పిండికి డబ్బు మిగిలితే పోయిన ఏడు గుంపులు పడ్డ చోట్లకు మాత్రమే వేయండి, ఎకరాలన్నిటికీ పలచగా చల్లడం కంటే అది మేలు. ఆ గుంపులు ఎక్కడ పడ్డాయో ఇంకా గుర్తుంటే ఈ వారంలోనే కర్రలు పాతి పెట్టుకోండి. దున్నాక ఆ చోట్లు కనిపెట్టలేరు.